నక్క ఇచ్చిన గజ్జె

జొన్నచేలో ఒక కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. గూడు ఎవరికీ తెలియకూడదని ఎప్పుడూ దూరంగా వాలి, చాళ్ల మధ్య నడిచి చేరుకునేది.

ఒకనాడు పొద్దున చేనుగట్టున గింజలేరుకుంటున్న కౌజు దగ్గరికి నక్క గజ్జె పట్టుకొచ్చింది. "కాలికి కట్టుకో కోడలు పిల్లా, ఊరికే ఇస్తున్నా. నీకేదైనా అయితే చప్పుడును బట్టి పరిగెత్తుకొస్తాను."

"నా మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి మామా?"

"కుందేలు కట్టుకుంది, ఉడుత కట్టుకుంది. నీ ఒక్కదానికే అనుమానం."

కౌజు కాలు చాపి కట్టించుకుంది. నక్క కనుమరుగు కాగానే ముక్కుతో ముడి విప్పి, గజ్జెను గాలికి ఊగే రేగుకంపకు తగిలించింది.

మర్నాడు నక్క మూతినిండా ముళ్లగీతలతో వచ్చింది. "నిన్న మధ్యాహ్నం గూట్లో లేవేం కోడలు పిల్లా?"

"లేనని నీకెవరు చెప్పారు మామా?" అంది కౌజు, గుడ్లున్న వైపు చూడకుండా.