నాదిరా అన్నా

ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి బూట్ల సంచి భుజాన వేసుకుని కొత్త ఫుట్‌బాల్ క్లబ్ గేటు దాటుతుంటే కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. మధ్యాహ్నానికల్లా 'తాతయ్య' అని పేరు కూడా పెట్టేశారు.

క్లబ్ డాక్టరు మోకాళ్లు వంచి చూశాడు. గుండె చూశాడు. బరువు చూశాడు. డిఫెండర్‌కి ఇంకేం చూడాలి? పనికొస్తాడన్నాడు.

అంతకుముందు ఇంట్లో భార్య అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఒక్క సీజన్. తర్వాత మైదానం పేరెత్తకూడదు. నా మీద ఒట్టు."

"ఒట్టు," అన్నాడు.

ఎందుకు వెళ్తున్నాడో ఆవిడకు తెలుసు. తమ్ముడు పోయింది మైదానంలోనే.

పాత క్లబ్‌లో అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టు. ఇతను డిఫెండర్, ఇతని వెనక గోల్ ముందు తమ్ముడు. డిఫెండర్‌కి వీపున కళ్లుండవు. గోల్‌కీపర్ గొంతే అతనికి కళ్లు. 'నాది' అని కీపర్ అరిస్తే బంతి ఎంత చేరువలో ఉన్నా వదిలేసి తప్పుకోవాలి. ఆ ఆటలో అంతకు మించిన ధర్మం లేదు. ఇంట్లో అన్న ఎదుట కూర్చోవడానికే మొహమాటపడే తమ్ముడు మైదానంలోకి దిగితే మాత్రం "నాదిరా అన్నా!" అని గొంతు చించుకునేవాడు.

నాలుగేళ్ల కిందట ఒక ఎత్తు బంతికి అన్న ఆ అరుపు విన్నాడు. విని కూడా పెడచెవిన పెట్టాడు. తనే అందుకుంటానన్న పొగరు. రెండు తలలూ గుద్దుకున్నాయి. కొన్నాళ్లకు అన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. తమ్ముడు రాలేదు.

కొత్త క్లబ్‌లో కీపర్ పాతికేళ్లవాడు. ఈమధ్యే కూతురు పుట్టింది. బట్టలు మార్చుకునే గదిలో తన లాకర్ తలుపుకి పాప ఫొటో అంటించుకున్నాడు. ఆ బోసినవ్వు ముందు తాతయ్య రోజూ ఒక్క క్షణం ఆగేవాడు. కప్పులూ పతకాలూ ఏ గంగలో కలిసినా ఫరవాలేదు. సీజనంతా అయ్యేసరికి ఈ పిల్లాడు తల పగలకుండా ఇంటికెళ్లి కూతుర్ని ఎత్తుకుంటే చాలు. అతను కోరుకున్నది అదొక్కటే.

మొదటి మ్యాచ్‌లోనే ఎత్తు బంతి వచ్చింది. ఎగరబోయాడు.

"నాదిరా అన్నా!"

వెనకనుంచి. తమ్ముడి గొంతు.

బంతి వదిలేశాడు. కుర్ర కీపర్ వచ్చి అందుకుని, భుజం తట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌లోనూ అదే పిలుపు. పిలిచినప్పుడల్లా బంతి వదిలేసేవాడు. వెనక్కి మాత్రం తిరిగేవాడు కాదు. తిరిగితే ఎవరు కనబడతారోనని భయం.

మిగతా విషయాల్లో తాతయ్యది అదో తరహా. కోచ్ మీసాలు పెదవుల మీదికి పడి ఉంటాయి, ఆయన చెప్పేది సగమే బుర్రకెక్కుతుంది. బోర్డు మీద గీసి చూపించమనేవాడు. ఒకసారి రిఫరీ విజిల్ వేశాక కూడా బంతి తన్నుకుంటూ పోయి పసుపు కార్డు తెచ్చుకున్నాడు.

"తాతయ్యకి రిఫరీ అన్నా లెక్కలేదురా!" అని కుర్రాళ్లు పడీపడీ నవ్వారు.

ఒకరోజు టిఫిన్ తింటూ భార్యతో అన్నాడు. "నిన్న కూడా పిలిచాడు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మానెయ్యవయ్యా. నాకు భయమేస్తోంది."

"మానేస్తే వాడింకెక్కడ మాట్లాడతాడే నాతో?"

ఆవిడ మళ్లీ ఆ మాటెత్తలేదు.

చివరి మ్యాచ్ నాటికి జట్టు అంచున నిలబడి ఉంది. ఓడితే కింది డివిజన్‌కి జారిపోతారు. వాన. ఒకటికి ఒకటి. ఇక ఆట అయిపోతుందనగా అవతలివాళ్లకి కార్నర్ దొరికింది. బంతి గాల్లో తిరుగుతూ నేరుగా అతని నుదుటి మీదికే వస్తోంది. చిన్నపిల్లాడైనా చెబుతాడు, అది డిఫెండర్ బంతే. తను వదిలేస్తే గోలే. పాత పొగరు కాళ్లలోకి పాకింది. మడమలు లేచాయి.

"నాదిరా అన్నా!"

ఈసారి ఆ గొంతులో ఏడుపుంది.

చటుక్కున వంగిపోయాడు. కీపర్ అతని మీదినుంచి ఎగిరి బంతిని పిడికిలితో అవతలికి గుద్దాడు. కుర్రాడి మోకాలు అతని వీపుని రాసుకుంటూ పోయింది. తను లేచి ఉంటే ఆ చోట తన తల ఉండేది, దాని పక్కన కుర్రాడి తల ఉండేది. జనమంతా లేచి నిలబడ్డారు. జట్టు గట్టెక్కింది.

లోపలికి వచ్చాక కుర్ర కీపర్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"నువ్వు ఆగకపోతే ఇద్దరం పోయేవాళ్లం అన్నా! పొద్దుట్నుంచి నా గొంతు బొంగురుపోయి ఉంది. అరిచింది నాకే వినపళ్లేదు. అంత గోలలో నువ్వెలా విన్నావ్?"

"విన్నాను," అన్నాడు. పాప ఫొటో వైపు ఒకసారి చూసి బూట్లు విప్పుకున్నాడు.

గేటు దగ్గర భార్య గొడుగుతో నిలబడి ఉంది. అతని మొహంలోకి చూసింది.

"పిలిచాడా?"

తలూపాడు. ఆవిడ అతని చేయి గట్టిగా పట్టుకుంది.

తలలు గుద్దుకున్న ఆ రోజు నుంచీ అతనికి రెండు చెవులూ బొత్తిగా వినబడవని, ఆ ఊళ్లో తెలిసింది ఆవిడ ఒక్కదానికే.