ఉత్త పొడి తిన్న గున్నడు

పందుల దొడ్డిలో తవుడులో కొత్తగా ఏదో పొడి కలపసాగారు. కొన్నాళ్లకే పందులన్నిటి ఒళ్లూ నిగనిగలాడాయి. అది చూసి, ఎదిగే వయసులో ఉన్న పంది గున్నడు, బలమంతా పొడిలోనే ఉందని తేల్చుకున్నాడు. తన తవుడు తోటివాళ్లకు వదిలేసి, చిరిగిన పొడి సంచి దగ్గర చేరి రోజూ ఉత్త పొడే నాకుతూ వచ్చాడు. ఒంటిమీద పొలుసులు లేచాయి, వెంట్రుకలు రాలాయి.

"పాత తోలు పోయి కొత్తది వస్తోంది," అని అందరికీ చెప్పుకున్నాడు.

ముసలి పంది మంకెమ్మకు జాలేసింది. "నాయనా, తోలూ వెంట్రుకలూ బాగుండాలంటే కావలసిన జింకు తవుడులోనే ఉంది. కాకపోతే దానికి తాళం పడి ఉంటుంది. ఈ పొడి తాళంచెవి, అంతే. తవుడు మానేసి తాళంచెవి మింగితే ఏం లాభం?"

గున్నడికి అంతా అర్థమైంది. వెంటనే లేచి వెళ్లి, దొడ్డి తలుపుకు వేలాడుతున్న తాళాన్ని శ్రద్ధగా నాకడం మొదలుపెట్టాడు. వెనకాల తోటివాళ్లు అతని తవుడు ఊడ్చేశారు.