చూరు నీళ్ళు

"ఆ చెట్టు కొట్టించెయ్యండి పెద్దిరాజు గారూ. ఇంక నా వల్ల కాదు," అన్నాడు శ్రీరామమూర్తి మాస్టారు, ప్రహరీకి ఇవతల నిలబడి.

అవతల, పొలానికి బయల్దేరబోతున్న పెద్దిరాజు బండికి స్టాండు వేసి, తన మామిడిచెట్టు వంక చూశాడు. కొబ్బరి మామిడి. దాని కొమ్మలు గోడ దాటి మాస్టారి పెంకుటింటి వెనక చూరు మీదికి వంగి ఉన్నాయి. పెంకుల మీది వాన నీటిని పట్టి గొట్టంలోకి పంపాల్సిన రేకు దోనె పూడిపోయి, నీళ్ళన్నీ వంటింటి గోడలోకి దిగుతున్నాయి. దోనె అంచున రెండు మామిడాకులు కింది నుంచే కనిపిస్తున్నాయి. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఆకులకి హద్దులు తెలీవు కదండీ మాస్టారూ. మీ బళ్ళో కూర్చోబెట్టి నాలుగు చెప్పండి," అని నవ్వించబోయాడు పెద్దిరాజు.

మాస్టారు నవ్వలేదు. పెద్దిరాజే తగ్గి, నిచ్చెన తెచ్చి ఆ దోనె ఇప్పుడే శుభ్రం చేసిపెడతానన్నాడు.

"ఇవాళ తీస్తారు. రేపు మళ్ళీ రాలవా?"

అంతకు మించి మాస్టారు చెప్పలేదు. వంటింటి గోడ మీద, గుమ్మం పక్కన, భార్య అమ్మణ్ణి పెన్సిలుతో రాసుకున్న గ్యాస్ తేదీలున్నాయి, పాలు రాని రోజులున్నాయి. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆ దస్తూరీ మిగిలింది అక్కడే. ఫోనుతో ఫొటో తీశాడు గాని, అందులో సున్నం తప్ప పెన్సిలు గీత పడలేదు. చెమ్మ పైనుంచి దిగుతూ దిగుతూ ఆ రాతకి జానెడు దూరంలోకి వచ్చింది. ఇది పొరుగువాళ్ళకి చెప్పుకునే మాట కాదనుకున్నాడు.

పెద్దిరాజు భార్య బుల్లెమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"వదినగారు ఏటా మృగశిరకి ముందే ఆ దోనె దులిపించేవారండి అన్నయ్యగారూ. అప్పుడూ ఇదే చెట్టండి."

మాస్టారు తల వంచుకున్నాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

"పోనీ, పై కొమ్మలో కాకి గూడుందండి. పిల్లలు ఎగిరేదాకా అయినా ఆగండి."

"వాన ఆగుతుందా అమ్మా?"

ఆవిడ ఇంకేదో అనబోతే పెద్దిరాజు వారించాడు. "ఊరుకో. మనిషిని పోగొట్టుకుని ఉన్నారు. చెట్టుదేముంది," అని గొంతు తగ్గించి అన్నాడు. తగ్గించినా ఆ మాట గోడ ఇవతలికి వినపడింది.

చెట్టు పడింది. ఏటా ఆ కాయలతోనే అమ్మణ్ణి ఆవకాయ పెట్టేది. గొడ్డలి చప్పుడు వినలేక మాస్టారు పెరటి తలుపు మూసుకుని కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే దొప్ప కుట్టాడు. ఆవిడ పోయినప్పటి నుంచి రోజూ, తను తినబోయే ముందు, ఆవిడ పేర తొలి ముద్ద కాకికి పెడుతున్నాడు. ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కలకి అమ్మణ్ణి కుట్టినట్టే, బజారు నుంచి తెచ్చిన పనసాకులు నాలుగు కలిపి ఈనెపుల్లలు గుచ్చి దొప్ప చేసేవాడు. ఆవిడ ఉన్న రోజుల్లో తను కుట్టిన దొప్ప చేతిలోనే విడిపోతే ఆవిడ నవ్వేది. ఇప్పుడు చెయ్యి తిరిగింది. పెరటి అరుగెక్కి, అందులో ముద్ద ఉంచి, వెనక చూరు పెంకుల మీద పెట్టేవాడు. చెయ్యి వెనక్కి తీసేలోపే కాకి వాలేది. సాయంత్రం చూస్తే దొప్ప కూడా ఉండేది కాదు. దొప్పతో సహా పట్టుకుపోయిందంటే ఆవిడకి అందినట్టేనని ఆ పూటకి తృప్తిపడేవాడు.

ఆ రోజు కాకి రాలేదు. మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. మర్నాడూ రాలేదు. మాస్టారు చెట్టు లేని ఆకాశం వంక చాలాసేపు చూసి, కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయాడు.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. గాలి లేదు, నిలువునా కురిసింది. చూస్తూండగానే దోనె మళ్ళీ పొర్లింది. గోడ నానింది. మాస్టారు ఆ రాత మీద అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. వాన వెలిశాక చెయ్యి తీస్తే, సున్నం పొరగా లేచి, రాతతో సహా చేతికి ఊడివచ్చింది.

పాత ఆకులు అడుగున ఉండిపోయాయి కాబోలు అనుకున్నాడు. తెల్లవారగానే వెళ్ళి నిచ్చెన అడిగాడు. పెద్దిరాజు తనే మోసుకొచ్చి చూరుకి ఆనించాడు. తను ఎక్కుతానన్నాడు కూడా. మాస్టారు వద్దన్నాడు.

"అయితే నిదానంగా ఎక్కండి. నేను పట్టుకున్నాను."

దోనెలో పైపైన గుప్పెడు మామిడాకులున్నాయి. వాటిని తీసి కింద పడేశాడు. నీళ్ళు కదల్లేదు. మోచేతిదాకా చెయ్యి పెట్టి గొట్టం మూతి దగ్గర వెతికాడు. అక్కడ ఏదో ముద్దగా, బిరడా బిగించినట్టు ఉంది. బలంగా లాగాడు. నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి గుడగుడమంటూ గొట్టంలోకి దిగిపోయాయి.

"ఇంకా మా ఆకులేనాండీ మాస్టారూ?" కింది నుంచి పెద్దిరాజు నొచ్చుకుంటున్నట్టు అడిగాడు.

మాస్టారు చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ఆయన చేతిలో, ఒకదానిలో ఒకటి దిగబడిన పనసాకు దొప్పలు. ఈనెపుల్ల ఒక్కటీ ఊడలేదు.