తెల్లరాళ్లతో ఊరి పేరు

లిస్కరా పల్లె చరిత్ర రాసిన బోర్డు ఆ ఆదివారం నిలబెట్టారు. దాని కింద పచ్చికలో ఫియాక్రా తెల్లరాళ్లతో ఊరి పేరు పేర్చి, తల్లిని తీసుకొచ్చి చూపించాడు.

"ఎక్కడివిరా ఈ రాళ్లు?" అంది డెలియా.

"దయ్యాల దిబ్బ అని చిన్నప్పుడు మమ్మల్ని అడుగు పెట్టనిచ్చేదానివి కాదే, అక్కడివే. ఒక్క దయ్యమూ పలకరించలేదమ్మా!" అని నవ్వాడు.

ఆమె మోకాళ్ల మీద కూలబడి రాళ్లు తడిమింది.

"అక్కడ ముళ్లచెట్టు మొదట్లో ఉన్న రాయి ఏది?"

"ఏమో. అన్నీ ఒకలాగే ఉన్నాయిగా."

"జ్ఞానస్నానం కాకుండా పోయిన పసివాళ్లని ఫాదరు చర్చి మట్టిలోకి రానివ్వలేదురా. ఆ దిబ్బలో చాటుగా పూడ్చుకుని, గుర్తుకి తలో రాయి పెట్టుకున్నాం. ఎవరూ తవ్వకూడదనే దయ్యాలున్నాయని చెప్పాం."

ఫియాక్రా నవ్వు ఆగిపోయింది.

"చెప్పరా, మీ అన్న ఏ అక్షరంలో ఉన్నాడు?"