ఒక్క తప్పూ లేని మెయిలు

ప్రూఫ్ రీడరును కట్టుకున్న ఇల్లాలి కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. కిరాణా చీటీలో కూడా ఒత్తులు దిద్దుతాడాయన. దిద్దిన చీటీ మళ్ళీ చదివి వినిపిస్తాడు కూడా. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక మెయిలును మూడుసార్లు చదివి, కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"ఒక్క తప్పు లేదు! దీర్ఘాలు దీర్ఘాల్లా ఉన్నాయి, కామాలు కామాల్లా ఉన్నాయి. పన్ను ఆఫీసు నుంచి. మనకి రిఫండు వస్తోందోయ్! రిటర్ను నువ్వు వేస్తానంటే భయపడ్డాను గానీ, శభాష్!"

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి వదిలేసి వచ్చింది.

"అది మోసం మెయిలండీ. మూసెయ్యండి."

"చదవకుండానే?"

"చదవక్కర్లేదు."

"పాతికేళ్ళుగా అక్షరాలతో బతుకుతున్నాను. దొంగవెధవలకి భాష రాదు. వీడు చూడు, 'గౌరవనీయులైన పన్ను చెల్లింపుదారుకు' అన్నాడు. గౌరవంలో ఔత్వం కూడా తప్పలేదు!"

"దొంగలూ చదువుకుంటున్నారు లెండి. పంపినవాడి అడ్రసు చూడండి. ఆఫీసు పేరు వెనకాల ఏదో తోక తగిలించాడు."

"అంత పెద్ద శాఖకి ఆ మాత్రం తోక ఉండదా?"

కిటికీ పక్కన కుర్చీలో, స్టూలు మీదికి కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్తగారు కలగజేసుకున్నారు. "ఒరే, అది చెప్పేది ఓ ముక్క వినరాదురా?"

"నువ్వుండమ్మా. ఈ డబ్బు నీ మోకాళ్ళకే పనికొస్తుంది."

కోడలి భయమూ ఆ మోకాళ్ళ గురించే. ఎల్లుండి పొద్దున్నే ఆపరేషను. ఆస్పత్రిలో కట్టాల్సిన నాలుగు లక్షలూ ఆయన చేతిలో ఉన్న కార్డు ఖాతాలోనే ఉన్నాయి.

తెర మీద ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి. నాలుగు నిమిషాల్లోగా వివరాలు ఇవ్వకపోతే రిఫండు రద్దట. ఆయన కార్డు నెంబరు కొట్టాడు. కార్డు తిప్పి వెనకున్న మూడంకెలూ కొట్టాడు. ఆవిడ చేతిలో ఫోను టింగుమంది. బ్యాంకులో ఇచ్చింది ఆవిడ నెంబరు.

"ఓటీపీ వచ్చిందిగా, చెప్పు."

"చెప్పను."

"టైమైపోతోందే!"

"ఎవరికీ చెప్పవద్దని రాశారు."

"ఎవరికీ అంటే పరాయివాళ్ళకి. మొగుడు 'ఎవరికీ'లోకి రాడు."

"మొగుడికి చెబితే ఆ మొగుడు పరాయివాడికి చెబుతాడుగా!"

ఆయన లేచాడు. ఆవిడ ఫోను వెనక్కి దాచుకుని అత్తగారి కుర్చీ చాటుకి వెళ్ళింది. ఆయన ఇటు వస్తే అటు, అటు వస్తే ఇటు. మధ్యలో అత్తగారు మోకాళ్ళు రెండు చేతులతో కాచుకుంటూ, "నన్ను తొక్కకండర్రా!" అని అరిచారు. తెర మీద ఇంకా నిమిషం పది సెకన్లు.

"ఎందుకే అంత మొండితనం? ఒక్క కారణం చెప్పు. ఒక్కటి!"

ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

"చూశావామ్మా? కారణం లేదు. నేను కరెక్టంటే ఒప్పుకోలేదు, అంతే!"

ఆవిడకు ఒళ్ళు మండింది. ఫోను కళ్ళ ముందు పెట్టుకుని, అంకెలు తప్ప మిగతా మెసేజీ అంతా గట్టిగా చదివింది.

"'మీ ఖాతా నుంచి మూడు లక్షల తొంభై వేలు చెల్లించడానికి'... విన్నారా? ప్రూఫులు దిద్దేవారు, ఆ క్రియ కాస్త చూడండి. చెల్లించడానికి! జమ చెయ్యడానికి కాదు."

ముందుకు చాచిన ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఫోను మళ్ళీ టింగుమంది. అవతలివాడు ఇంకో ఓటీపీకి ప్రయత్నిస్తున్నాడు. ఆవిడ కార్డు లాక్కుని, వెనకనున్న బ్యాంకు నెంబరుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఒకటి నొక్కమన్నారు, నొక్కింది. మూడు నొక్కమన్నారు, నొక్కింది. తర్వాత సంగీతం వినమన్నారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు.

చివరికి ఒక అమ్మాయి గొంతు పలికింది. కార్డు నెంబరు రాసుకుంది. ఏదో టకటకా కొట్టింది.

"కార్డు ఆపేశాం మేడమ్. డబ్బు భద్రంగా ఉంది. ఆ మెయిలు చెరిపెయ్యకండి. అలాగే మాకూ, పన్ను శాఖ ఫిర్యాదుల విభాగానికీ పంపించండి. ఫిర్యాదు నేను నమోదు చేస్తున్నాను."

"బతికించావు తల్లీ," అన్నారు అత్తగారు, బ్యాంకు అమ్మాయినో కోడలినో తెలియకుండా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అదీ... అంటే... నేను..." పాతికేళ్ళ కాపురంలో ఆయన నోట 'పొరపాటు' అన్న మాట వచ్చిందంటే అది ఎదుటివాళ్ళదే. ఇవాళ అది తనదై పెదవుల దాకా వచ్చి నిలబడింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వినడానికి తీరిగ్గా కూర్చుంది.

ఇంతలో స్పీకరు పలికింది. "బాగా చదువుకున్నవాళ్ళే పడిపోతున్నారు మేడమ్. మీరు మోసమని ఎలా కనిపెట్టారు?"

"ఏదో... అలా అనిపించిందండీ."

"మా కోడలి బుర్ర పాదరసం అమ్మాయ్!" అత్తగారు ఫోనుకి వినబడేలా అరిచారు. ఆయన కూడా తలూపాడు.

"ఒక్క వివరం రాసుకుంటే అయిపోతుంది మేడమ్. దొంగలకి మీ రిటర్ను సంగతి ఎక్కణ్ణుంచి తెలిసిందో పన్ను శాఖవాళ్ళు చూస్తారు. ఈ ఏడాది రిటర్ను వేసినప్పుడు వచ్చిన రసీదు నెంబరు చెప్పండి."

ఆవిడ స్పీకరు ఆపబోయింది. ఆయన ఆపనివ్వలేదు.

"ఉండనీ, నేనూ రాసుకుంటాను. చెప్పవోయ్."

ఆవిడ భర్తను చూసింది. అత్తగారిని చూసింది. అవతల అమ్మాయి కూడా కొట్టడం ఆపి ఎదురుచూస్తోంది.

"నెంబరు లేదండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "వెయ్యని రిటర్నుకి రిఫండు ఎలా వస్తుంది? గడువు దాటి మూడు నెలలైంది... మరిచిపోయాను. తప్పు నాదే."