అయోడిన్ గదిలో కాపురం

“కదలకండమ్మా,” అంటూ టెక్నీషియన్ గుమ్మం దగ్గరే నిలబడి రేడియేషన్ మీటరు చాచాడు.

“కదిలితే పేలతానా, నాయనా?” అందావిడ.

థైరాయిడ్ జబ్బుకి మింగించిన రేడియోధార్మిక అయోడిన్ ఒంట్లో చల్లారేదాకా ఆవిడ దగ్గరికి ఎవరూ రాకూడదు. భర్త మాత్రం అద్దానికి అవతల కూర్చుని, ఫోనులో పొద్దస్తమానం కబుర్లు చెబుతున్నాడు. కాపురం మొత్తమ్మీద ఆయన నోట ఆవిడ ఇన్ని మాటలు వినలేదు.

“రోజూ సగానికి సగం తగ్గిపోతోందమ్మా,” అన్నాడు టెక్నీషియన్ మీటరు చూసి. “ఇవాళ ఇంటికెళ్ళొచ్చు.”

ఫోనులో అది విన్న భర్త, “హమ్మయ్య. మిగతావి ఇంట్లో మాట్లాడుకుందాంలే,” అని ఫోను పెట్టేసి, పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంట్లో ఆవిడకి రోజూ కనిపించే మొహం అదే.

“ఇంకోసారి కొలిచి చూడు నాయనా,” అందావిడ టెక్నీషియన్‌తో. “ఎక్కడో ఇంకా కాస్త మిగిలే ఉంటుంది.”