ఒంటిగంట కెమెరా

"రోజూ ఒంటిగంటయ్యేసరికి నా చెరువు ఎక్కడికి పోతోంది కృపానందం?"

వీర్రాజు ఫోను ముందుకు చాపాడు. చెరువు కాపలా చూసే కృపానందం కళ్లు చికిలించి చూశాడు. షెడ్డు గుమ్మం పైన బిగించిన కెమెరాలో నిన్నటి రికార్డింగు అది. పన్నెండున్నరకి చేపల చెరువంతా గట్టు నుంచి గట్టుదాకా కనబడుతోంది. ఒంటిగంటకి కెమెరా మెల్లగా కిందికి వాలింది. ఇక చెరువు లేదు. షెడ్డు వరండా, నవారు మంచం, దానిమీద కూర్చుని క్యారేజీ విప్పుకుంటున్న మనిషి. అరగంటయ్యాక మళ్లీ చెరువు.

"మీరేనండి" అన్నాడు కృపానందం.

"నేనేనని నాకూ తెలుసు. మొన్నా ఇంతే, అటుమొన్నా ఇంతే. నేను అన్నానికి కూర్చోగానే దీన్ని నా మీదకి తిప్పేసి, ఇక్కణ్ణుంచి కంటికి ఆనని అవతలి గట్టున వల వేస్తున్నారన్నమాట. ఎవరు?"

పక్క చెరువులో పట్టపగలే చేపలు ఎత్తుకుపోయారని పొద్దున విన్నాడు వీర్రాజు. అప్పట్నుంచీ మనిషికి స్థిమితం లేక, ఎప్పుడూ చూడని పాత రికార్డింగులు తీసి చూశాడు. కలిదిండి చుట్టుపక్కల ఆయనకి నాలుగు చెరువులున్నాయి. ఐదోది లీజుకి మాట్లాడుతున్నాడు. తాడేపల్లిగూడెంలో మూడంతస్తుల ఇల్లుంది. అందులో భార్య రత్నమాణిక్యం ఒక్కతే ఉంటుంది. పదిహేను రోజులకోసారి ఈయన వెళ్లి, తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చేస్తాడు. దాన్నే ఇంటికెళ్లడం అంటాడు.

"నాది బటన్ల ఫోనండి. కెమెరా తిప్పడం నాకేం తెలుసండి?"

"నీకు తెలియకపోతే తెలిసినవాళ్లు నీకుండొచ్చు. నేను ఎప్పుడు తింటానో, ఎంతసేపు తింటానో నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

కృపానందం మొహం పాలిపోయింది. "పదకొండేళ్లుగా ఈ గట్టుమీదే ఉన్నామండి మేం."

"కెమెరా పెట్టినతను వస్తున్నాడు. నీ పేరు తేలిందా, సాయంత్రానికి గట్టు దిగిపోవాలి. నువ్వూ, మీ ఆవిడ యేసమ్మా."

కృపానందం వరండా మూల కూలబడ్డాడు. ఇంతలో వీర్రాజు ఫోను మోగింది. రత్నమాణిక్యం.

"ఏవండీ, పనిలో ఉన్నారా?"

"ఉన్నాను. చెప్పు."

"ఏం లేదండి. ఆ నీలం చొక్కా వీపు మీద జానెడు చిరిగిపోయిందండి. వేరేది వేసుకోండి."

"సరే, సరే."

"ఈ ఆదివారం వస్తారా?"

"ఈ పట్టుబడి అవనీ మాణిక్యం. చేపలు లారీ ఎక్కించేశాక పదిరోజులు ఇంట్లోనే ఉంటాను."

"పోయిన పట్టుబడప్పుడూ ఇలాగే అన్నారండి."

"ఇదంతా ఎవరికోసం? నీకోసం కాదూ?" అని పెట్టేశాడు.

కెమెరా పెట్టిన ఫణికిరణ్ వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. నిచ్చెనెక్కి వైర్లు చూశాడు, దిగి ఫోను చూశాడు.

"ఇది దానంతటది తిరగదండి. ఎవరో ఫోన్లోంచి తిప్పుతున్నారు."

ఆ మాట పూర్తవకుండానే పైన సన్నగా చప్పుడైంది. ముగ్గురూ తలలెత్తారు. కెమెరా చెరువుని వదిలేసి, మెల్లగా కిందికి వాలి, ఖాళీ మంచం మీద ఆగింది.

"దొరికాడు!" అని అరిచాడు వీర్రాజు. "ఎవడో చూడు!"

ఫణికిరణ్ ఫోన్లో ఏవేవో నొక్కాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"ఈ కెమెరా రెండు ఫోన్లలోనే ఉందండి. ఒకటి మీది."

"రెండోది?"

"ఇది కొన్నరోజు పెట్టె విప్పింది గూడెంలో మీ ఇంట్లోనే కదండీ. పనిచేస్తోందో లేదోనని ముందు అమ్మగారి ఫోన్లో పెట్టి చూశానండి. తీసేయడం మర్చిపోయాను."

వీర్రాజు చెయ్యి దానంతటదే వీపు మీదకి పోయింది. వేళ్లకి చిరుగు తగిలింది. మొన్న ముళ్లకంచె గీసుకుని చిరిగిన చొక్కా. ఆయన ఇంటికెళ్లి పన్నెండు రోజులైంది.

కృపానందం వైపు చూడలేకపోయాడు. "నువ్వెళ్లి భోంచెయ్యి. యేసమ్మ ఎదురుచూస్తూంటుంది" అన్నాడు. ఆ మాట నోటివెంట వచ్చాక మనసు చివుక్కుమంది. ఫోను తీసుకుని గట్టుమీదకి నడిచాడు.

"ఇంకా కూర్చోలేదేంటండీ?" ఫోనెత్తగానే అనేసింది రత్నమాణిక్యం. అన్నాక గతుక్కుమని ఆగిపోయింది.

"కెమెరా తిప్పుతోంది నువ్వా?"



"చేపలేమైనా పోయాయాండీ?"

"పోలేదు. ఎందుకు తిప్పుతున్నావు?"

"అంతింట్లో ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదండి. మీరు క్యారేజీ విప్పగానే నేనూ కంచం పెట్టుకుంటున్నాను. మీరు చెయ్యి కడుక్కోగానే మళ్లీ చెరువు వైపు తిప్పేస్తున్నాను కదండీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"పెట్టిన దగ్గర్నుంచీ."

ఆర్నెల్లు. ఒంటరితనం తనకొక్కడికే అనుకున్నాడు ఇన్నాళ్లూ. డబ్బు సంపాదించేవాడికి అది తప్పదనీ అనుకున్నాడు.

"అన్నం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండి. చల్లారిపోయింది."

"ఉండు, నేనూ కూర్చుంటాను."

షెడ్డులోకొచ్చి క్యారేజీ తీశాడు. ఫోను పక్కన పెట్టి, రోజూలాగే చెరువు కనబడేలా మంచమ్మీద కూర్చుని మూత విప్పాడు.

"ఏవండీ..." అంది ఫోన్లోంచి.

"ఊఁ, తింటున్నావా?"

"ఇవాళ ఒక్కరోజుకీ కాస్త ఇటు తిరిగి కూర్చుంటారా? ఆర్నెల్లుగా మీ వీపు చూస్తూనే తింటున్నానండి."